వాడ మాట – 14: పట్టా కింద బతుకులు, పట్టా లేని బతుకులు

మన గుంటూరు, ప్రకాశం వైపు పట్టా అంటే రెండు. కళ్లంలో మిరపకాయలు తడవకుండా కప్పే టార్పాలిన్ ఒక పట్టా. ఇంటిస్థలం నీదేనని సర్కారిచ్చే కాగితం ఇంకో పట్టా. రెండోది దొరకనివాళ్లు మొదటిదాని కింద కాపురం చేస్తారు.

ఈ కోతల్లో ఒక సంస్థవాళ్లు 'కమ్యూనిటీ ఆర్ట్' అంటూ నన్నూ పిలిచారు. కర్నూలు వైపు నుంచి మిరప కోతకొచ్చి చేను గట్టున గుడారాలేసుకున్న కూలీల పిల్లలకు చార్టులు, రంగులు పంచి "మీ కలల ఇల్లు గీయండి" అన్నారు. ఒక పాప చార్టంతా నీలం పూసింది. "ఆకాశం ఎంత బాగా వేశావే!" అని మేడం మెచ్చుకుంది. "ఆకాశం కాదు మేడం, పట్టా" అంది పాప. సాయంత్రం బొమ్మలు కారెక్కి వెళ్లిపోయాయి. పాప పట్టా కిందికి పోయింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నా కోపం రంగుల మీద కాదు, 'కల' అన్న మాట మీద. ఇల్లు కల అయితే బాకీపడ్డవాడు ఎవడూ ఉండడు. ఇల్లు హక్కు అయితే జవాబు చెప్పాల్సిన తహసీల్దారు ఉంటాడు, కోతకు పిలిచి గూడు చూపని ఆసామి ఉంటాడు.

మన కళకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. వినుకొండ జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. శివుడికి కబురు పంపడానికి గబ్బిలమే ఎందుకు? గుడిలో దానికి చోటుంది, ఆ మనిషికి లేదు. చోటు ఎవరు లేకుండా చేశారో ఆ కావ్యం దాచలేదు.

1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు పడ్డారు. ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు. ఒక్కరోజులో పల్లెకు పల్లె నిలువనీడ లేనిదయింది. గద్దర్ 'దళిత పులులమ్మా' ఆ పోరాటం మీద కట్టిన పాటే. జాలిపడమని కాదు, లేచి నిలబడమని ఊరూరా తిరిగిన పాట. శిబిరంవాళ్లు తిరిగి కారంచేడు పోమన్నారు, చీరాలలోనే ఇళ్లు కావాలన్నారు. విజయనగర్ కాలనీ అలా వచ్చింది. దళిత మహాసభ ఆ ఏడాదే ఆ పోరాటంలోంచే పుట్టింది.

"పిల్లలు కాసేపు సంతోషపడితే మీకేం నష్టం సార్?" అని నా స్టూడెంట్ ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పిల్లల చేతిలో రంగులు ఉండాల్సిందే. కానీ మీరు బొమ్మ వేయించేటప్పుడు దాని కింద మూడు ముక్కలు రాయించండి: ఈ కుటుంబానిది ఏ ఊరు? అక్కడ ఇంటిస్థలానికి దరఖాస్తు ఎప్పుడు పెట్టారు? అది ఎవరి టేబుల్ మీద ఆగింది? ఆ బొమ్మల్ని ఏసీ హాల్లో కాకుండా మండలాఫీసు గోడకు తగిలించండి. గీసిన పిల్లల తల్లిదండ్రుల్నే పక్కన నిలబడి మాట్లాడనివ్వండి.

ఆ పాప బొమ్మ ఇప్పుడు ఏ గోడ మీదుందో నాకు తెలియదు. ఆ పాపకు మాత్రం ఇంకా గోడ లేదు.

జై భీమ్.