గోడకవతల ఎవరున్నారు?



మొన్న ఉదయగిరి నుండి తిరిగి వస్తూ ఆత్మకూరులో ఒక కుటుంబాన్ని దర్శించాను. ఆ ఇంటి కుర్రవాడు పది అడుగుల పడకగదిలో కొత్త సౌండ్ సిస్టమ్ పెట్టుకున్నాడు. స్పీకర్లు రెండూ మూలలకు ఆనించి ఉన్నాయి.

"అయ్యగారూ, గుబగుబమంటుంది గాని మాట తెలియడం లేదండీ" అన్నాడు. తెలియలేదని శబ్దం పెంచాడు. గోడకవతల మంచం మీది అవ్వకు నిద్ర కరువైంది.

లోపం స్పీకర్లది కాదు, పెట్టిన చోటుది. మూలలోని గోడలు, నేల కలిసి మంద్రస్వరాన్ని పెంచుతాయి. పది అడుగుల ఎడమున్న గోడల మధ్య సుమారు 57 హెర్ట్జ్‌ల స్వరం నిలిచి మోగుతుంది. అందుకే మాట మునిగిపోతుంది.

స్పీకర్లను మూలల నుండి జరిపి, గోడకు మూరెడు ఎడంగా, కూర్చున్నవారి చెవి ఎత్తున ఉంచాము. వాటి మధ్య ఎంత దూరమో, వినేవారికీ అంతే దూరం. ఎదుటి గోడకు మందపాటి బొంత వేలాడదీశాము. శబ్దం బాగా తగ్గించినా మాట స్పష్టమైంది.

2000 నాటి శబ్ద నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు హద్దు 45 డెసిబెల్స్. అయితే ఇంటిలో చట్టంకంటె ముందు అవ్వ ఉన్నది.

మీ గోడకవతల ఎవరు పడుకుంటున్నారు? ఈ రాత్రి ఒకసారి అడిగి చూడండి.