ఇల్లూ వాకిలీ – కొత్త బాయిలర్ మొదటి రోజు

బాయిలర్ అనగానే మనలో ఒక వయసు దాటినవారికి గుర్తుకొచ్చేది పెరటి నీళ్ళగదిలోని రాగి బాయిలర్. నడుమ ఒక గొట్టం, గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు, అడుగున బూడిద, పక్కన కుళాయి. బొగ్గులు లేని రోజున కొబ్బరి డొక్కలు. స్నానాలన్నీ అయ్యాక కూడా పైగొట్టం దగ్గర చెయ్యి పెడితే సెగ తగిలేది. ఆ సెగంతా ఎవరికీ కాకుండా ఆకాశానికి పోతున్నదని అప్పుడు ఎవరూ లెక్క కట్టలేదు. ఈ దేశంలో వంటింటి గోడకు తగిలించే తెల్లడబ్బా కథంతా ఆ సెగ లెక్కే.

పాతకాలపు ఇనుప బాయిలర్లు వంద పౌన్ల గ్యాసు మింగి ఏ అరవై, డెబ్భై పౌన్ల వేడినో ఇంటికి ఇచ్చేవి. మిగతాది పొగగొట్టంలోంచి వీధిపాలు. 2005 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండు, వేల్సులలో గ్యాసు బాయిలర్ కొత్తగా పెట్టినా, పాతది మార్చినా, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, కండెన్సింగ్ రకమే పెట్టాలని నిబంధన వచ్చింది. కనుక ఏ రకం అన్న ప్రశ్న లేదు. ఏ కంపెనీది అన్నదాని మీద మాత్రం మనవాళ్ళు నెలరోజులు చర్చిస్తారు. ఎవరు బిగిస్తారు, ఎలా బిగిస్తారు అన్నదానికి ఐదు నిమిషాలు చాలునంటారు. ఇది తలకిందుల వ్యవహారమని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

గ్యాసు మండితే నీరు పుడుతుంది. ఒక ఘనపు మీటరు గ్యాసు కాలితే సుమారు లీటరున్నర నీరు ఆవిరి రూపంలో పొగలో కలిసి పోతుంది. ఇడ్లీపాత్ర మూత తీస్తూ ఆవిరి తగిలి చెయ్యి కాల్చుకున్నవారికి దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు. మరిగే నీటి చుక్క కన్నా ఆవిరి ఎక్కువ కాలుస్తుంది. చర్మం మీద నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా అక్కడే దించేస్తుంది గనుక. బళ్ళో దీన్నే గుప్తోష్ణం అని చదువుకున్నాం. గ్యాసులోని వేడిలో సుమారు పదోవంతు ఇలా ఆవిరిలో దాగి ఉంటుంది. రేడియేటర్లన్నీ తిరిగి చల్లబడి వచ్చిన నీటితో పొగను చల్లార్చి, మూత లోపలివైపు చెమర్చినట్టు ఆవిరిని నీరుగా మార్చి, ఆ పదోవంతులో వీలైనంత రాబట్టుకోవటమే కండెన్సింగ్ బాయిలర్ చేసే పని. షరతు ఒక్కటే. తిరిగివచ్చే నీరు సుమారు 55 డిగ్రీల సెంటీగ్రేడు కన్నా చల్లగా ఉండాలి. ఎంత చల్లగా ఉంటే అంత లాభం. అంతకన్నా వేడిగా తిరిగివస్తే ఆవిరి ఆవిరిగానే బయటికి పోతుంది. అప్పుడది పేరుకే కండెన్సింగ్ బాయిలర్.

ఈస్ట్‌హామ్‌లో ఉండే మన సభ్యులొకరు ఆ మధ్య నాతో వాపోయారు. బోలెడు డబ్బు పోసి కొత్త బాయిలర్ పెట్టించినా బిల్లు అనుకున్నంత తగ్గలేదట. వెళ్ళి చూస్తే రేడియేటర్ల నీరు 80 డిగ్రీల మీద పెట్టి ఉన్నది. బిగించినాయన మధ్యాహ్నం రెండింటికల్లా పని ముగించి, "అంతా వేడిగా ఉంది కదా" అని వెళ్ళిపోయాడట. వేడిగా ఉన్నమాట నిజమే. తిరిగివచ్చే గొట్టం కూడా పట్టుకోలేనంత వేడిగా ఉన్నది. ఆయన కొన్న పదోవంతు ఆయన పెరట్లోకే తెల్లటి పొగై పోతున్నది.

కాబట్టి మొదటి రోజు ఇంట్లో ఉండండి. సెలవు పెట్టండి. టీ ఇవ్వండి. పక్కన నిలబడి పాఠాలు చెప్పమనటం లేదు, అడగవలసినవి అడగమంటున్నాను.

అన్నిటికన్నా ముందు ఆయన కార్డు. 2009 ఏప్రిల్ 1 నుంచి బ్రిటనులో ఈ పని చేయటానికి గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరుండాలి. అంతకుముందున్న కోర్గీ పేరు చెప్పుకుంటూ ఎవరైనా వస్తే అది పాత ముచ్చట. కార్డు వెనకవైపు తిప్పి చూడండి. ఏయే పనులకు అర్హత ఉన్నదో అక్కడ ఉంటుంది. వంటపొయ్యికి అర్హత ఉన్నంత మాత్రాన బాయిలర్‌కు ఉన్నట్టు కాదు. మనవాడే, తెలిసినవాడే, చవకగా చేస్తాడు అనే మాట గ్యాసు దగ్గర పనికిరాదు. మొహమాటానికి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక నీటి సంగతి. పొగలోంచి దిగిన నీరు బాయిలర్ అడుగునుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం ద్వారా మురుగులోకి పోవాలి. ప్లాస్టిక్కే ఎందుకంటే ఆ నీటికి ఆమ్లగుణం ఉంటుంది, దాదాపు టమాటా పులుపంత. రాగి గొట్టాన్ని నెమ్మదిగా తినేస్తుంది. ఈ గొట్టం ఇంటి లోపలినుంచే, వంటింటి సింకు మురుగులోనో మరొకదానిలోనో కలిస్తే అన్నిటికన్నా మేలు. గోడకు బెజ్జం కొట్టి బయటికి వదిలెయ్యటం బిగించేవారికి సుళువు. ఆ సుళువు ఫలితం 2010 డిసెంబరులో ఈ దేశమంతా చూసింది. వందేళ్ళలో అంతటి చలి డిసెంబరు లేదు. సన్నటి గొట్టాలలో నీరు గడ్డకట్టి, వెనక్కి తన్ని, సరిగ్గా అవసరమైన రోజునే బాయిలర్లు వీధులకు వీధులు ఆగిపోయాయి. ఇళ్ళలో పసిపిల్లలు, మనదేశం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ముసలివాళ్ళు, ఎవరికీ దొరకని ఇంజనీర్లు. బయటినుంచి తప్పదంటే 32 మిల్లీమీటర్ల గొట్టం కావాలి, దానికి తడి పట్టని తొడుగు కావాలి, మీటరుకు కనీసం 45 మిల్లీమీటర్ల వాలు కావాలి, పొడవు మూడు మీటర్లు దాటకూడదు. గొట్టంలో గడగడమని చప్పుడై బాయిలర్ ఆగిపోతే గడ్డకట్టిందన్నమాట. గోరువెచ్చని నీళ్ళు గొట్టం మీద పొయ్యండి, లేదా వేడినీళ్ళ సంచీ ఆనించండి. సలసల కాగే నీళ్ళు వద్దు.

పొగగొట్టానికి మాత్రం వాలు ఎదురు దిక్కున ఉంటుంది. వానచూరులాగా బయటికి వాలాలని మన ఇంగితం చెబుతుంది గాని, సాధారణంగా అది బాయిలర్ వైపుకు కొద్దిగా వాలి ఉండాలి. లోపల దిగిన నీరు వెనక్కి వచ్చి మురుగులో కలవాలి. ఇక తెల్లటి పొగ పక్కింటివాళ్ళ కిటికీలో దూరకుండా చోటు చూసుకోవాలి. ఈ బాయిలర్ల పొగ చల్లగా ఉంటుంది కాబట్టి తొందరగా పైకి లేవదు, మనిషి ఎత్తులోనే తారాడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా దాటవేసే పని రేడియేటర్లు కడగటం. ఇరవై ఏళ్ళ రేడియేటర్లలో నల్లటి బురద ఉంటుంది. అది ఇనుపతుప్పే. కొత్త బాయిలర్ లోపలి నీటిదారులు బహు సన్నం. పాతబురద వాటిలో చేరితే గుండె రక్తనాళాల కథే. మందు కలిపి, నీరు తిప్పి, నల్లనీరు పోయి తేటనీరు వచ్చేదాకా కడిగి, ఆ తరవాత తుప్పు పట్టకుండా వేరే మందు కలిపి నింపాలి. తిరిగివచ్చే గొట్టం మీద అయస్కాంతపు వడపోత ఒకటి బిగించాలి. ఇదంతా గంటల పని. ధర చెప్పే కాగితంలోనే ఈ పని వ్రాయించుకోండి. వ్రాయనిది చెయ్యరు. తరవాత బాయిలర్ పాడైతే, బురద ఉన్నది గనుక గ్యారంటీ చెల్లదని కంపెనీవారు అంటారు.

వెలిగించే ఘట్టం చూడటానికి చాలా చిన్నది. చల్లగా ఉన్నప్పుడు నీటి పీడనం 1 నుంచి 1.5 బారు దాకా నింపుతారు. రేడియేటర్లలో గాలి తీస్తారు. అడుగున నీరు పోయే దారిలో ట్రాప్ అని ఒక వంపు ఉంటుంది. దానిలో ముందుగా నీళ్ళు పోసి నింపాలి. అది ఎండి ఉంటే బాయిలర్ వెలిగించగానే విషపు పొగ ఆ దారిన ఇంట్లోకి రావచ్చు. గ్యాసు కారటం లేదని పరీక్ష చేసి, బాయిలర్ పూర్తి జోరులో మండుతుండగా గ్యాసు పీడనం చాలుతున్నదా అని చూడాలి. మీటరు నుంచి బాయిలర్ దాకా గొట్టంలో పడిపోయే పీడనం 1 మిల్లీబారు మించకూడదు. పాత సన్నగొట్టాన్నే ఉంచేస్తే ఇక్కడే దొరికిపోతారు. ఆ పైన పొగను కొలిచే యంత్రం పెట్టి, ఎక్కువ మంట మీద ఒకసారి, తక్కువ మంట మీద ఒకసారి చూస్తారు. కార్బన్ మోనాక్సైడుకూ కార్బన్ డయాక్సైడుకూ ఉండే నిష్పత్తి 0.004 దాటకూడదు. ఆ యంత్రం బస్సు టిక్కెట్టులాంటి చీటీ ఇస్తుంది. ఆ చీటీ అడిగి తీసుకోండి. అది మీ ఇంటిల్లిపాది ఊపిరికి సంబంధించిన కాగితం. 2022 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండులో కొత్త బాయిలర్ పెడితే ఆ గదిలో కార్బన్ మోనాక్సైడు అలారం కూడా ఉండాలి. ఇళ్ళు అద్దెకిచ్చేవారికీ అదే నిబంధన. మన విద్యార్థులు గదులు అద్దెకు తీసుకునేటప్పుడు అలారం ఉన్నదా, ఏటేటా జరగవలసిన గ్యాసు తనిఖీ కాగితం ఉన్నదా అని అడగటానికి సిగ్గుపడకూడదు. రంగూ వాసనా లేని విషం అది.

తరవాతది వడ్డన. పంక్తి భోజనంలో వడ్డించేవాడికి అనుభవం లేకపోతే మొదటి విస్తళ్ళలో పప్పు పొంగిపొర్లుతుంది, చివరి విస్తరికి చారు నీళ్ళు మిగులుతాయి. రేడియేటర్లూ అంతే. బాయిలర్ దగ్గరున్నది వేడినీరంతా లాగేసి, చల్లారనివ్వకుండా వెనక్కి పంపుతుంది. పైగదిలో చివరిది గోరువెచ్చగా ఉంటుంది. అప్పుడు మనం చేసేదేమిటి? ఆ చివరి గది కోసం బాయిలర్‌నే ఇంకా పెంచుతాం. తిరిగివచ్చే నీరు మరింత వేడెక్కుతుంది, పదోవంతు పూర్తిగా పోతుంది. ప్రతి రేడియేటర్‌కూ ఒక కొసన మూతవేసిన కవాటం ఉంటుంది. దగ్గరివి నొక్కి, దూరంవి తెరిచి, నీరు లోపలికి పోయేటప్పటికీ బయటికి వచ్చేటప్పటికీ 20 డిగ్రీల తేడా ఉండేటట్టు సరిచెయ్యాలి. పాత బాయిలర్లకు 11 డిగ్రీల తేడాతో సరిపెట్టేవారు. అలవాటుకొద్దీ ఇప్పటికీ కొందరు అదే చేస్తారు. ఇది ఓపిక పని. చేశారా అని అడిగితే చేశామంటారు. అన్ని గదులూ తిరిగి చేత్తో తాకి చూడండి.

బయలుదేరే ముందు రేడియేటర్ల నీటి ఉష్ణోగ్రత ఎక్కడ మార్చాలో చూపించమనండి. గోడ మీది థర్మోస్టాట్ గది ఉష్ణోగ్రతకు సంబంధించినది. నేను చెప్పేది బాయిలర్ మీదనే ఉండే మీట. 55, 60 దగ్గర పెట్టి చూడండి. ఇల్లు వేడెక్కటానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, కొంచెం ముందుగా వెయ్యండి. గట్టి చలి రోజుల్లో చాలకపోతే ఐదైదు డిగ్రీలుగా పెంచండి. బయటి చలిని బట్టి తనంతట తనే దీన్ని సర్దుకునే పరికరం కూడా ఉన్నది. పెట్టించుకోగలిగితే మంచిదే. వేడినీళ్ళ తొట్టి ఉన్న ఇళ్ళవారు మాత్రం జాగ్రత్త. తొట్టిలోని నీరు 60 డిగ్రీలకు తగ్గకూడదు, తగ్గితే లెజియొనెల్లా అనే క్రిమి పెరిగే ప్రమాదం ఉన్నది. ఆ ఇళ్ళలో బాయిలర్ నీటిని 65కు తక్కువ పెట్టవద్దు.

తొట్టి లేని కోంబీ బాయిలర్ కొనేటప్పుడు పెద్దది కొనమని బేరగాళ్ళు చెబుతారు. స్నానాలకు దానిలో కొంత నిజం లేకపోలేదు. 24 కిలోవాట్లది చన్నీళ్ళను 35 డిగ్రీలు వేడెక్కించి నిమిషానికి పది లీటర్ల లోపు ఇస్తుంది. ఒకరు స్నానం చేస్తుండగా వంటింట్లో అంట్లు తోమితే ఇద్దరికీ చాలదు. కాని మామూలు ఇంటి రేడియేటర్లకు అందులో మూడోవంతు శక్తి చాలు. కాబట్టి రేడియేటర్ల వరకు గరిష్ఠ శక్తిని తగ్గించి పెట్టమనండి. చాలా బాయిలర్లలో ఆ వీలున్నది. లేకపోతే ఊరికే వెలుగుతూ ఆరుతూ అరిగిపోతుంది.

ఈస్ట్‌హామ్ మిత్రుడి ఇంట్లో మీట 58కి దించి, మరోరోజు వేరే మనిషిని పిలిపించి రేడియేటర్లు సరిచేయించారు. కొత్తగా కొన్నదేమీ లేదు. పెరటిలో నీరు పోయే గొట్టం నుంచి ఇదివరకు లేని చుక్కల చప్పుడు వినబడుతున్నదని ఆయన శ్రీమతి ఫోనులో చెప్పారు. ఏదైనా చెడిపోయిందేమోనని ఆవిడ భయం. ఆ చుక్కలే ఆ పదోవంతు.

ఇక కాగితాలు. బాయిలర్‌తో వచ్చే పుస్తకం చివర బెంచ్‌మార్క్ అని కొన్ని పుటలుంటాయి. కొలతలన్నీ నింపి సంతకం చెయ్యకుండా మనిషిని పంపవద్దు. పని సంగతి 30 రోజులలో గ్యాస్ సేఫ్ ద్వారా స్థానిక కౌన్సిలుకు తెలపాలి. ఆ ధ్రువపత్రం మీకు చేరుతుంది. ఇల్లు అమ్మేనాడు లాయరు అడిగేది ఆ కాగితాన్నే. మీ అంతట మీరు చెయ్యదగ్గవి పీడనం చూడటం, రేడియేటర్ల గాలి తీయటం, మీట తిప్పటం. డబ్బా ముందు మూత మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. గ్యాసు వాసన వస్తే మీటరు దగ్గరి కుళాయి కట్టేసి, కిటికీలు తెరిచి, లైటు స్విచ్చి కూడా ముట్టకుండా బయటికి వచ్చి 0800 111 999కి ఫోను చెయ్యండి. రాత్రీ పగలూ పలుకుతారు.