ఐదో స్థానంలో వచ్చిన గురువు

పతకం తెచ్చినవాళ్లకు మన ప్రభుత్వాలు ఉద్యోగాలిస్తాయి. పీవీ సింధు డిప్యూటీ కలెక్టర్ అయింది, నిఖత్ జరీన్ డీఎస్పీ అయింది. కాదనను, వాళ్ల కష్టానికి అది తక్కువే. నా పేచీ అంతా పతకం అంచుదాకా వెళ్లి ఆగిపోయినవాళ్ల గురించి. వాళ్లు నేర్చిన విద్య ఎక్కడికి పోతోంది?

అమెరికాలో హ్యారీ పార్కర్ అని ఒకాయన ఉండేవారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చదివింది ఫిలాసఫీ. పడవ పందేల (రోయింగ్) తెడ్డు పట్టింది కాలేజీలో చేరాకే. జో బర్క్ అనే కోచ్ దగ్గర సానదేలి, 1955లో ఇంగ్లండ్ హెన్లీ పందేల్లో గెలిచిన ఎనిమిది మందిలో ఒకరయ్యారు. తర్వాత ఒక్కరే నడిపే పడవకు మారి 1960 రోమ్ ఒలింపిక్స్‌ ఫైనల్‌కు చేరారు. వచ్చింది ఐదో స్థానం. మన దగ్గరైతే ఫ్లెక్సీ కూడా కట్టరు.

హార్వర్డ్ యూనివర్సిటీ మాత్రం ఆయన్ను ఫస్టియర్ కుర్రాళ్ల కోచ్‌గా పెట్టుకుంది. అప్పట్లో అక్కడ ఫస్టియర్ వాళ్లను ప్రధాన జట్టులోకి రానిచ్చేవారు కాదు. వాళ్లకు వేరే పడవ, వేరే కోచ్. నన్నడిగితే కిటుకంతా ఆ కింది మెట్టులోనే ఉంది. తెడ్డు నీళ్లలో దిగే క్షణం, కాళ్లతో తన్నే ఊపు, మళ్లీ ముందుకు జరిగేటప్పటి నిదానం ఎనిమిది ఒళ్లలో ఒకేసారి కుదరాలి. తన ఒంటికి తెలిసిన పని మరొకరి ఒంటికి ఎక్కించడం వేరే విద్య. అది నేర్వడానికి కొంత కాలం, కాస్త చాటు కావాలి. పార్కర్‌కు ఆ రెండూ దొరికాయి. 1963లో హెడ్ కోచ్ హఠాత్తుగా చనిపోయి, ఆ భారం మీద పడేనాటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు.

ఆ ఏటి నుంచి 1980 దాకా వరసగా 18 సార్లు హార్వర్డ్ తన పాత ప్రత్యర్థి యేల్‌ను ఓడించింది. 1968 ఒలింపిక్ ఎంపిక పందెంలో పార్కర్ కుర్రాళ్లు పెన్సిల్వేనియా పడవను 0.05 సెకన్ల తేడాతో దాటారు. ఆ పడవ కోచ్ ఎవరనుకున్నారు? జో బర్కే! (ఆ గెలిచిన జట్టు మెక్సికోలో ఆరో స్థానంతో సరిపెట్టుకుందనుకోండి.) 1976లో ఆడవాళ్ల రోయింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వస్తే, అమెరికా మహిళల జట్టుకు కాంస్యం వచ్చేలా తీర్చిదిద్దిందీ పార్కరే. మాట తక్కువ మనిషి. పెద్ద వయసులోనూ కుర్రాళ్లతో పోటీపడి స్టేడియం మెట్లెక్కేవారట. 2013 జూన్‌లో కన్నుమూసేదాకా ఆ ఉద్యోగం వదల్లేదు.

ఆటగాళ్లు కోచ్‌లయ్యే ఆ దారి ఇప్పుడక్కడ ఇంకా వెడల్పయింది. చదువులో ఆడామగా తేడా కూడదన్న 1972 చట్టం వల్ల, ఫుట్‌బాల్ జట్లలోని మగపిల్లల సంఖ్యకు సాటిగా చాలా కాలేజీలు మహిళా రోయింగ్ జట్లు పెట్టాయి. జట్టు ఉంటే కోచ్ కావాలి, ఆయనకో అసిస్టెంటూ కావాలి.

మన కాలేజీల్లో ఉండేది ఒక్క పీడీ (ఫిజికల్ డైరెక్టర్). కబడ్డీ నేర్పేదీ ఆయనే, క్రికెట్ కిట్టుకు తాళం వేసేదీ ఆయనే, పంద్రాగస్టు పరేడ్ నడిపించేదీ ఆయనే. కొన్నిచోట్ల ఆ పోస్టూ ఖాళీయే.

క్రీడా శాఖ పెద్దలకు ఒక మనవి. జిల్లాకొక డిగ్రీ కాలేజీలో ఒక్క ఆటకైనా, పీడీ కింద జూనియర్ కోచ్ పోస్టు పెట్టండి. జాతీయ స్థాయిలో నాలుగు, ఐదు స్థానాల్లో ఆగినవాళ్లను పిలిచి అందులో వేయండి. పదేళ్లపాటు బదిలీ చేయకండి.