రద్దయిన బిల్లు పనివాడి నెత్తిన రుద్దడమేల?

చేవెళ్ల: శని, ఆదివారాలు వచ్చాయంటే బీజాపూర్ రోడ్డు మీద బండ్ల బారులే. చిలుకూరు బాలాజీని దర్శించుకునేవారు కొందరు, మొయినాబాద్ చుట్టుపక్కల ఫాంహౌసులకు వచ్చే పట్నంవారు మరికొందరు. వీరందరికీ అన్నం పెట్టేది దారి పొడవునా ఉన్న దాబాలు, హోటళ్లే. వాటిలో సప్లయర్లుగా, గల్లా దగ్గర కుదురుకున్న పల్లె పిల్లలూ ఉన్నారు.

జనం కిక్కిరిసిన వేళ నాలుగు బిల్లులు రద్దు కావడం ఏ హోటల్లోనైనా మామూలే. ఒక బల్ల ఆర్డరు మరో బల్లకు పోతుంది. ఆలస్యమైందని గిరాకీ లేచిపోతాడు. ఫోనులో డబ్బు కోత పడుతుంది గాని హోటలు ఖాతాలో జమ కాదు. రాత్రి లెక్క చూసుకునే వేళకు తేలని నష్టం ఎవరో ఒకరి మీద పడాలి. ఆ బల్ల చూసిన కుర్రాడి జీతంలో కోసేస్తే యజమానికి పని సులువు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే!

అసలు రద్దులన్నిటినీ ఒకే గాటన కట్టడమే తప్పు. పొయ్యి ఎక్కకముందు ఆర్డరు రద్దయితే పోయేది కాగితం ముక్క. వండిన తర్వాత రద్దయితే మాంసం, నూనె, గ్యాసు అన్నీ పోయినట్లే. ఇక మూడో రకం ఉంది. గిరాకీ తిన్నాడు, నగదు చెల్లించాడు, బిల్లు అడగకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ బిల్లు రద్దవుతుంది. దీన్ని నష్టమనరు, దొంగతనమంటారు. ఈ పని గల్లా దగ్గరివాడు చేయవచ్చు, యజమానే చేయించవచ్చు.

యజమాని చేయిస్తే మునిగేది ప్రజల సొమ్ము. మామూలు హోటళ్లలో 2017 నవంబరు 15 నుంచి జీఎస్టీ 5 శాతం. నాలుగు వందల భోజనంపై గిరాకీ ఇచ్చే 20 రూపాయల్లో పది కేంద్రానికి, పది రాష్ట్రానికి చెందాలి. బిల్లు చెరిపేస్తే ఆ ఇరవై హోటలువారి జేబులోకే. బిల్లులకు వరుస నంబర్లు ఉండాలని, ఎన్ని ఇచ్చారో, అందులో ఎన్ని రద్దయ్యాయో జీఎస్టీఆర్-1 రిటర్నులో చూపాలని నిబంధన ఉన్నది ఇందుకే. రద్దయిన బిల్లు కనబడాలి, మాయం కారాదు.

దీనికి పెద్ద కంప్యూటరు అక్కర లేదు. డబ్బు తీసుకునేవాడికే రద్దు చేసే అధికారం ఇవ్వకూడదు. వంటగదికి పోయిన చీటీలను రాత్రి బిల్లులతో సరిపోల్చాలి. ప్రతి రద్దుకూ వేళ, కారణం, ఒప్పుకున్నవారి సంతకం ఉండాలి. వంద మందికి విందు చెప్పి మొహం చాటేసేవారి నుంచి షరతులు రాసి ముందుగా అడ్వాన్సు తీసుకుంటే తప్పుపట్టేవారెవరు?

ఫోను చెల్లింపుల్లో చిక్కు మరో రకం. గిరాకీ ఖాతాలో కోత పడి హోటలుకు చేరని యూపీఐ డబ్బును అయిదు రోజుల్లోగా వెనక్కి జమ చేయాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల పరిహారం. కాబట్టి ఆ లావాదేవీ నంబరు రాసి పెట్టుకోవాలి తప్ప, సప్లయర్‌ను నిలదీసి ఫలితం లేదు.

జీతం కోత సంగతికి వస్తే, చట్టం యజమాని ఇష్టానికి వదిలేయలేదు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, పనివాడి నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలాలి. అతని సంజాయిషీ వినాలి. జరిగిన నష్టానికి మించి కోయరాదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. ఇటువంటి రక్షణ 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ ఉండేది. పిల్లవాణ్ణి పనిలో కుదిర్చేటప్పుడు జీతమెంత, భోజనం పెడతారా అని అడిగే తల్లిదండ్రులు, బిల్లు రద్దయితే ఎవరు భరిస్తారో కూడా ఆనాడే అడిగి, వీలైతే కాగితం మీద రాయించుకోవాలి.