అమ్మల కొట్టు లెక్క మనమే చదవాలి



మేం హాస్టల్లో ఉండి బీకాం చదువుతున్నాం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పరీక్షకు బ్యాలెన్స్ షీట్ బట్టీ పట్టాం గానీ, సెలవుల్లో ఊరెళ్లి మా అమ్మల డ్వాక్రా గ్రూపు కిరాణా కొట్టు లెక్క వేశాకే అది అర్థమైంది.

మార్చి 31 నాటికి కొట్టుకు ఉన్నవి: సరుకు రూ.18,000, చేతిలో డబ్బు 2,000, అరువు కాతాలో రావాల్సింది 10,000. మొత్తం 30,000. కట్టాల్సినవి: బ్యాంకు లోను 15,000, హోల్‌సేల్ షావుకారుకు 9,000. మొత్తం 24,000. తేడా 6,000. అమ్మల సొంతం అంతే. అప్పులూ, సొంతమూ కలిపితే మళ్లీ 30,000. రెండు పక్కలూ సమానం అంటే ఇదే.

కానీ ఆ అరువులో 6,000 రెండేళ్లుగా రావట్లేదు. అది తీసేస్తే అమ్మలకు మిగిలేది సున్నా! గల్లాపెట్టె చూసి మాత్రం లాభమే అనుకుంటున్నాం.

అరువు ఆపేయమని మేం అనట్లేదు. ఊళ్లో వానాకాలం అరువు లేనిదే గడవదు. కానీ వచ్చే బాకీ, రాని బాకీ విడివిడిగా రాయాలి. వేరేవాళ్లు రాసిన కాగితం మీద అమ్మలు వేలిముద్ర వేస్తున్నారు. ముందు దాన్ని మనం చదివి వినిపించాలి. ఈ సంక్రాంతి సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్క గ్రూపు లెక్కైనా చూద్దామా?