మన ఫోన్లో ఏముండాదిలే అనొద్దు

ఫోన్లో దొంగచెవులంటే పెద్దోళ్ల గొడవ అనుకుంటాం. 2022లో పెగాసస్ మీద మన అసెంబ్లీ సభాసంఘం వేసింది. 2024లో తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసు అధికారులే అరెస్టయ్యారు. "రైతు ఫోన్లో టమాటా రేటు తప్ప ఏముండాది?" అని మదనపల్లె మార్కెట్లో నవ్వుకుంటాం.

ఏముండాదా? బ్యాంకు మెసేజీలు, ఓటీపీలు, ఆధార్, పాస్‌బుక్కు ఫోటోలు. మన మీదికి పెగాసస్ అక్కర్లేదు. "పీఎం కిసాన్" పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు చాలు. నొక్కి, అడిగిన పర్మిషన్లన్నీ ఇస్తే మన ఎస్సెమ్మెస్‌లు దొంగ చదువుతాడు. ఏడాదికొచ్చే 6,000 కోసం ఖాతానే ఊడ్చుకుపోతాది.

"చదువులేనోళ్లే మోసపోతారు" అంటే నేనొప్పుకోను. ఆ ఫైలు మనం నమ్మినోళ్ల నంబరు నుంచే రావచ్చు. పంపేది వాళ్లు కాదు, వాళ్ల ఫోన్లో దూరినోడు.

పుంగనూరు, కుప్పం గ్రూపు అడ్మిన్లకూ చెప్తున్నా: గుడ్ మార్నింగులు కాదు, ఏపీకే కనిపిస్తే ముందు అది తీసేయండి. అందరూ సెట్టింగుల్లో తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్ ఆపేయండి. పొరపాటున నొక్కితే నెట్ ఆపి, ఇంకో ఫోన్ నుంచి వెంటనే బ్యాంకుకు, 1930కి చెప్పండి. సిగ్గుపడి దాచొద్దు.

చేనికి కంచె వేసేవాళ్లం, ఫోన్‌కు గేటు తీసి పెడతామా?