చాటుమాటు ధరకు చట్టం ఒప్పుతుందా?

టారిఫ్‌లు పెరిగిన ప్రతిసారీ పత్రికల్లో, టీవీల్లో, యూట్యూబ్‌లో ఒకే సలహా తిరుగుతుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి, కనెక్షన్ తీసేయించుకుంటానని గట్టిగా చెప్పండి, వాళ్లే దిగొస్తారు. 2024 జులైలో మొబైల్ చార్జీలు పెరిగినప్పుడు ఈ మాట విన్నాం. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ విషయంలో ఏడాది పొడవునా వింటూనే ఉన్నాం. సలహా చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కానీ ఈ కథనాలు అసలు విషయం మొదలయ్యే చోటే ముగిసిపోతున్నాయి. ఒకే వీధిలో, ఒకే వేగానికి, ఒకే ప్లాన్‌కు ఒక కంపెనీ ఇద్దరి దగ్గర రెండు ధరలు వసూలు చేయవచ్చా? చేస్తే ఆ రెండో ధర ఎవరెవరికి తెలిసి ఉండాలి? దీనికి మన దేశంలో 1999 నుంచీ రాతపూర్వకమైన నియమం ఉంది. ఆ నియమం పరిధి ఎంతన్న వివాదం టెలికాం ట్రైబ్యునల్ దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ఊసే ఎత్తకుండా చిట్కాలు మాత్రం అందిస్తే పాఠకుడికి అన్యాయం చేసినట్టే.

ముందు ఒక అపోహ తొలగాలి. బ్రాడ్‌బ్యాండ్ ధరలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయించదు, ఆ స్వేచ్ఛను కంపెనీలకే వదిలేసింది. దీన్ని పట్టుకుని, ఎవరికి ఎంతకు అమ్ముకోవాలన్నది పూర్తిగా కంపెనీ ఇష్టమని చాలామంది రాసేస్తున్నారు. ధర ఎంత ఉండాలన్న దాంట్లోనే ఆ స్వేచ్ఛ. పెట్టిన ధరను జనానికి ఎలా వర్తింపజేయాలన్న దాంట్లో అది లేదు. 1997 నాటి ట్రాయ్ చట్టం కింద 1999 మార్చిలో వెలువడిన టెలికమ్యూనికేషన్ టారిఫ్ ఉత్తర్వులో రెండు షరతులున్నాయి. ఒకే తరగతికి చెందిన చందాదారుల మధ్య వివక్ష చూపకూడదు, ఆ తరగతులను కూడా ఇష్టారాజ్యంగా విడదీయకూడదు. ఇది మొదటిది. అమలు చేసే ప్రతి టారిఫ్‌నూ నియంత్రణ సంస్థకు నివేదించాలన్నది రెండోది. ధరల స్వేచ్ఛ ఇచ్చాక కూడా ఈ రెండూ రద్దు కాలేదు. నిజానికి ఆ స్వేచ్ఛ ఇవ్వగలిగింది ఈ రెండూ ఉన్నాయన్న ధీమాతోనే.

ఇప్పుడు కనెక్షన్ వదిలేస్తానన్న వినియోగదారుణ్ని చూద్దాం. అతను ఒక ప్రత్యేక తరగతా? విద్యార్థులు, వృద్ధులు, ఏడాదికి ఒకేసారి డబ్బు కట్టేవారు, ఎక్కువ వేగం తీసుకునేవారు తరగతులే. వాటిని ముందుగా చెప్పవచ్చు, ఎవరైనా సరిచూసుకోవచ్చు. ‘ఫోన్ చేసి గొంతు పెంచినవారు’ అన్నది అలాంటి కొలమానం కాదు. అందులో ఎవరు చేరతారో కంపెనీకి కూడా ఆ ఫోన్ వచ్చేదాకా తెలియదు. పక్కింటివారికి అలాంటి తరగతి ఉందనే తెలియదు. ట్రాయ్ చట్టంలోని 11(2) సెక్షన్‌లో ఈ విషయానికి గట్టి ఆధారం ఉంది. ఒకే రకం సేవకు వేర్వేరు వర్గాల వారికి వేర్వేరు రేట్లు నిర్ణయించే అధికారం ఆ సెక్షన్ ట్రాయ్‌కి ఇచ్చింది. అలా చేస్తే కారణాలు రాతలో పెట్టి తీరాలని కూడా చెప్పింది. నియంత్రణ సంస్థే కారణం రాయకుండా రెండు రేట్లు పెట్టలేని చట్రంలో, కాల్‌సెంటర్ ఉద్యోగి తెర మీద మెరిసే కోడ్‌తో మూడో రేటు పుట్టించవచ్చా? పుట్టించకూడదన్నదే నేను ఆ చట్టాన్ని చదివే తీరు.

కంపెనీల వాదన వేరు. ఇది టారిఫ్ కాదు, ఉన్న కస్టమర్ చేజారకుండా ఇచ్చే తగ్గింపు మాత్రమే అంటాయి. మొబైల్ రంగంలో వీటికి సెగ్మెంటెడ్ ఆఫర్లని పేరు. అంటే ఎంపిక చేసిన కొందరి నంబర్లకే వెళ్లేవి, కంపెనీ వెబ్‌సైట్‌లో కనిపించనివి. 2018 ఫిబ్రవరి 16న ట్రాయ్ టారిఫ్ ఉత్తర్వుకు 63వ సవరణ తెచ్చి, పారదర్శకత, వివక్ష లేకపోవడం, పోటీదారులను దెబ్బతీసే ధరలు అన్న మూడు అంశాలను బిగించింది. ఈ తరహా ఆఫర్లు కూడా నివేదిక పరిధిలోకి రావాలంది. ఎయిర్‌టెల్, అప్పటికి వొడాఫోన్‌తో కలవని ఐడియా టెలికాం ట్రైబ్యునల్ టీడీశాట్‌కు వెళ్లాయి. 2018 డిసెంబరులో ట్రైబ్యునల్ ఆ సవరణలోని కీలక భాగాలను కొట్టేసింది. మన పత్రికల్లో చాలావాటికి కథ అక్కడితో ముగిసింది. కంపెనీలు గెలిచాయి, రహస్య ఆఫర్లు చట్టబద్ధం అన్నట్టు రాశాయి.

కథ అక్కడితో ముగియలేదు. ట్రాయ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 నవంబరు 6న అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బాబ్డే నేతృత్వంలోని ధర్మాసనం, సెగ్మెంటెడ్ ఆఫర్ల వివరాలను ట్రాయ్‌కు అందించాలని ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాలను ఆదేశించింది. ఆ సమాచారం పోటీ కంపెనీల చేతిలో పడకుండా గోప్యంగా ఉంచాలని ట్రాయ్‌కీ చెప్పింది. ఇది మధ్యంతర ఉత్తర్వే, అంతిమ ప్రశ్నకు జవాబు కాదు. అయినా దాని బరువు తక్కువేమీ కాదు. తగ్గింపు అని పేరు పెట్టినంత మాత్రాన నియంత్రణ సంస్థ కంటికి అందకుండా పోయే వీలు లేదని ఆ ఉత్తర్వుతో తేలింది. పారదర్శకత, వివక్ష పరీక్షలకు ఈ ఆఫర్లు అతీతం కావన్నమాట. మరుసటి ఏడాది సెప్టెంబరులో ట్రాయ్ ఇంకో మెట్టు ఎక్కి, నంబర్ పోర్ట్ చేసుకునేవారికి డీలర్ల ద్వారా ప్రత్యేక టారిఫ్‌లు ఎర వేయవద్దని, నివేదించిన టారిఫ్‌లే అమ్మాలని కంపెనీలకు స్పష్టం చేసింది.

వదిలిపోతున్న కస్టమర్‌ను పట్టుకోవడం మీద ఇంతకంటే సూటిగా తీర్పు చెప్పిన దేశం అమెరికా. అక్కడి కేబుల్ కంపెనీలు కామ్‌కాస్ట్, టైమ్ వార్నర్ కేబుల్, బ్రైట్ హౌస్ తమ వైపు వస్తున్న ఫోన్ చందాదారుల నంబర్ మార్పిడి కోసం వెరిజాన్‌కు అభ్యర్థన పంపేవి. వెరిజాన్ ఆ అభ్యర్థన అందగానే, మార్పిడి పూర్తయ్యేలోపు అదే చందాదారుకు తగ్గింపులు, గిఫ్ట్ కార్డులు చూపి ఉండిపొమ్మనేది. కమ్యూనికేషన్ల చట్టంలోని 222(బి) సెక్షన్ ప్రకారం ఒక కంపెనీ నుంచి సేవ నిమిత్తం అందిన సమాచారాన్ని ఆ పనికే వాడాలి. వెరిజాన్ చేసింది దాని ఉల్లంఘనేనని 2008లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తేల్చింది. ఇది తన వాక్ స్వాతంత్ర్యానికి భంగమని వెరిజాన్ వాదించింది. 2009 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. వెళ్లిపోతానన్న మాట చెవిన పడినప్పుడే పుట్టే ధర సాధారణ పోటీ ధర కాదని, పోటీదారు చేసిన శ్రమ మీద ఆఖరి ఘడియలో కొట్టే దెబ్బ అని ఆ కేసు చూపించింది. మన ట్రాయ్ ఈ దిశగా నడవగలిగిన దారి ఎప్పుడో వేసి ఉంది.

మొబైల్‌లో వినియోగదారుడి చేతిలో కనీసం ఒక ఆయుధం ఉంది. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబర్ పోర్టబిలిటీ అమల్లో ఉంది. 1900కు ఎస్ఎంఎస్ పంపితే చాలు. ఆ ఎస్ఎంఎస్ కూడా పోకుండా తక్కువ ధర ప్లాన్లలో అడ్డం పెడితే, ఏ ప్లాన్‌లో ఉన్నా పోర్టింగ్ సందేశం వెళ్లాల్సిందేనని 2021 డిసెంబరు 7న ట్రాయ్ ఆదేశించింది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు ఇలాంటి పోర్టబిలిటీ ఏదీ లేదు. వదిలేస్తానన్న మాటకు ఇక్కడ బలం చేకూరేది గుమ్మం దాకా వచ్చిన రెండో తీగ వల్లనే. హైదరాబాద్‌లో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో మూడు నాలుగు కంపెనీల తీగలు ఉండవచ్చు. అక్కడ బేరం సాగుతుంది. బిల్డర్‌తోనో సంఘంతోనో ఒకే కంపెనీకి ఒప్పందం ఉన్న భవనంలో, ఒకే కేబుల్ ఆపరేటర్ ఉన్న మండల కేంద్రంలో ఆ మాట అన్నా వినేవారుండరు. పైగా మన దగ్గర చాలామంది ఆరు నెలలకో ఏడాదికో ముందే కట్టేస్తారు. డబ్బు చెల్లించాక బెదిరింపుకు విలువ లేదు. అందుకే తగ్గింపు దక్కేది ఎవరికి అవసరమో వారికి కాదు, ఎవరికి ప్రత్యామ్నాయం ఉందో వారికి.

దీన్ని బ్రిటన్ లెక్కగట్టింది. 2018 సెప్టెంబరులో వినియోగదారులకు సలహాలిచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్ అక్కడి పోటీ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేస్తూ, మొబైల్, బ్రాడ్‌బ్యాండ్, ఇంటి బీమా, గృహరుణాలు, పొదుపు ఖాతాలు అనే ఐదు మార్కెట్లలో పాత కస్టమర్లు అదనంగా చెల్లిస్తున్నది ఏటా 410 కోట్ల పౌండ్లని చెప్పింది. ఇంటి బీమాలో పాతవారికి కొత్తవారికంటే ఎక్కువ వసూలు చేయడాన్ని 2022 జనవరి 1 నుంచి నిషేధించారు. బ్రాడ్‌బ్యాండ్‌లో అంత దూరం పోలేదు. 2020 ఫిబ్రవరి నుంచి ఒప్పందం ముగిసే ముందు కంపెనీయే లేఖ రాసి, కొత్త ధరెంతో, తన దగ్గర ఉన్న మెరుగైన ఆఫర్ ఏదో చెప్పాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిర్దేశించింది. 2024 సెప్టెంబరు నుంచి పాత కంపెనీతో మాట్లాడే పనే లేకుండా, కొత్త కంపెనీయే మార్పిడి పూర్తి చేసే పద్ధతి వచ్చింది. బెదిరించాల్సిన అవసరాన్నే తగ్గించే దారి అది.

దీనికి ఎదురుగా వినిపించే వాదన ఒకటుంది. అందరికీ ఒకే ధర అంటే ఎవరికీ తగ్గింపు దక్కదని, ధరలు బహిరంగమైతే కంపెనీలు ఒకదాన్నొకటి చూసుకుని కూడబలుక్కుంటాయని ఆర్థికవేత్తలు హెచ్చరిస్తారు. అందులో కొంత నిజం ఉంది. అయితే మామూలు టారిఫ్‌లన్నీ ఇప్పటికే బహిరంగం కదా. కూడబలుక్కోవాలనుకునేవారికి అవి చాలు. దాచిన ధరల వల్ల చీకట్లో ఉన్నది పోటీదారులకంటే ఎక్కువగా వినియోగదారులే. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో లాంఛనంగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయల మూల ప్లాన్‌ను అందరికీ ఒకటిగా ప్రకటించింది. దాని నడక మీద విమర్శలు వేరు. స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే అందుతూ కూడా బహిరంగ ధరతో సేవ సాధ్యమేనని మాత్రం అది రుజువు చేసింది.

కనెక్షన్ తీసేయించుకునే దారి విషయంలోనూ మన చట్టం మనవాళ్లు రాసేంత బలహీనం కాదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్ల మార్గదర్శకాలు పదమూడు మోసపు పోకడలను నిషేధించాయి. చందా రద్దును అసాధ్యం చేయడం, చిక్కుముడిగా మార్చడం వాటిలో ఒకటి. యాప్‌లో రెండు నిమిషాల్లో ఇచ్చిన కనెక్షన్‌ను ఆపాలంటే బుజ్జగింపు విభాగం దాటి రావాలన్న కంపెనీకి ఇవి వర్తిస్తాయనే నా అభిప్రాయం. అమెరికా వాణిజ్య కమిషన్ ఎఫ్‌టీసీ 2024లో తెచ్చిన సులభ రద్దు నియమాన్ని 2025 జులైలో అక్కడి కోర్టు కొట్టేసింది, అదీ ప్రక్రియలో లోపం వల్ల. మనకు ఆ అడ్డంకి లేదు. కంపెనీలోని అప్పీలు అధికారి దగ్గర న్యాయం దొరక్కపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. టెలికాం వివాదాలు ఆ కమిషన్ల పరిధిలోకి రావన్న పాత వాదనకు 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు తెరదించింది.

కాబట్టి బేరమాడేవారిని నేను తప్పుపట్టను. తగ్గింపు ఇస్తామన్నప్పుడు దాన్ని రాతపూర్వకంగా, ఏ అర్హత మీద ఇస్తున్నారో కూడా చెప్పించి తీసుకోండి. రేపు ఆ రేటు మీకు ఆపేసినా, పక్కింటివారు అడిగినా అదే ఆధారం. తప్పుపట్టాల్సింది ఈ బేరాన్ని వినియోగదారుడి తెలివితేటలుగా మెచ్చుకుంటూ, దాని వెనుక ఉన్న చట్టాన్ని పట్టించుకోని రాతలను. ట్రాయ్ చేయాల్సిన పని కూడా పెద్దదేం కాదు. వెళ్లిపోతామన్నవారిని ఆపడానికి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఇచ్చే ప్రతి రిటెన్షన్ ఆఫర్‌నూ అర్హతతో సహా మామూలు టారిఫ్‌ల పక్కనే ప్రచురించమని ఆదేశించాలి. ప్రీపెయిడ్ గడువు ముగిసే ముందు తమ దగ్గరున్న అత్యుత్తమ ధరను చందాదారుకు సందేశంగా పంపించాలి. అర్హత ఉన్నవారు ఎవరు అడిగినా అదే ధర ఇవ్వాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, 1999 ఉత్తర్వులోని వివక్ష నిషేధాన్ని దాని పూర్తి అర్థంలో అమలు చేస్తే చాలు. అర్హత ఉండీ అడగడం రాక ఎక్కువ కడుతున్నవారే ఆ రహస్య తగ్గింపుల భారం మోస్తున్నారు. ఇంకా ఎంతకాలం మోయాలన్నది తేల్చాల్సింది ట్రాయ్.